వలస, ఆతిథ్యం, సమకాలీన కళ: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గ్యాలరీకి వచ్చినవాళ్ల వెంట ఉండి, అక్కడి కళాకృతుల గురించి చెప్పడం నా ఉద్యోగం. వలస మీద, ఊళ్లు వదిలిన మనుషుల మీద షో పెట్టిన ప్రతిసారీ కొన్ని మాటలు వినపడుతూనే ఉంటాయి. అక్కడ నిలబడి పూర్తిగా జవాబు చెప్పే టైం దొరకదు.

అపోహ: వలస మీద కళ అంటే ఏడిపించే ఫోటోలు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే కదిలించిన కళాకృతిలో ఒక్క ఫోటో కూడా లేదు. 2016 డిసెంబరులో మొదలైన కొచ్చి బియెనాలేలో (రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన) చిలీ కవి రౌల్ జురీటా ఒక పాత గోడౌన్‌ను సముద్రపు నీటితో నింపాడు. చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడిచి ఆ నీళ్లలో నడుచుకుంటూ వెళ్లాలి. గోడల మీద ‘వినపడటం లేదా? చూడటం లేదా?’ అన్నట్టు అడిగే వాక్యాలు. ముందు నడిచేవాళ్లు కదిపిన నీళ్లు వచ్చి మన కాళ్లకు తగులుతుంటాయి. ఆ చివర గాలిప్ కుర్దీ కోసం రాసిన కవిత. 2015 సెప్టెంబరులో పడవ మునిగి, టర్కీ తీరానికి కొట్టుకొచ్చిన సిరియా చిన్నారి అలాన్ కుర్దీ ఫోటోను లోకమంతా చూసింది. అదే ప్రయాణంలో మునిగి చనిపోయిన వాడి అన్న గాలిప్‌కు అలాంటి ఫోటో లేదు. ఆ లేని ఫోటో కోసమే ఈ నీళ్లు. బయటికొచ్చి కాళ్లు తుడుచుకుంటూ ఎవరూ మాట్లాడలేదు.

అపోహ: అన్నం వండి పెడితే కళ ఎలా అవుతుంది? మన దగ్గర అన్నదానాలు లేవా?

వాస్తవం: ఉన్నాయి, అందుకే మనకు ఇది తొందరగా అర్థం కావాలి. 1992లో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీలో థాయ్ కళాకారుడు రిర్క్రిత్ తిరవనిజ ఆఫీసు సామాను ముందు గదిలోకి తెచ్చిపెట్టి, వెనక థాయ్ కూర, అన్నం వండి వచ్చినవాళ్లకు ఊరికే పెట్టాడు. అన్నదానంలో పెట్టేవాడు ఆ ఊరివాడే, చోటూ వాళ్లదే. ఇక్కడ పరాయి దేశం నుంచి వచ్చినవాడు వడ్డిస్తుంటే, ఆ ఊరివాళ్లు చుట్టాలై కూర్చున్నారు. తర్వాత మ్యూజియంలో మళ్లీ పెట్టినప్పుడు ఆ చనువు కొంత పోయిందని నా అభిప్రాయం.

అపోహ: ఇలాంటి కళ వల్ల ఎవరికీ ఏ పనీ జరగదు.

వాస్తవం: పాలస్తీనా కళాకారిణి ఎమిలీ జాసిర్ దగ్గర అమెరికా పాస్‌పోర్టు ఉంది. దానితో ఆమె వెళ్లగలిగిన చోట్లకు వెళ్లలేని పాలస్తీనీయులను, మీ తరఫున అక్కడ ఏం చేయమంటారు అని అడిగింది. జెరూసలేంలో మా అమ్మ సమాధి మీద పూలు పెట్టమన్నాడొకరు. ఇజ్రాయెల్‌లోని హైఫా ఊరి వీధిలో ముందుగా కనిపించిన పాలస్తీనా పిల్లాడితో ఫుట్‌బాల్ ఆడమన్నారు ఇంకొకరు. ఆమె వెళ్లి ఆ పనులు చేసి, అడిగిన మాటల పక్కన ఫోటోలు పెట్టింది.

అపోహ: ఇదంతా సిరియా, పాలస్తీనా గొడవ, మనకేం సంబంధం?

వాస్తవం: ముంబై కళాకారిణి రీనా సైనీ కల్లాట్ కరెంటు తీగలను ముళ్లకంచెలా మెలితిప్పి గోడంత ప్రపంచ పటం చేసింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవాళ్ల దారులూ అందులో ఉన్నాయి. మారిషస్‌కు అలా వెళ్లిన తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడా, బర్మాలోనూ మనవాళ్లను కోరంగీలని పిలిచేవారు.

అపోహ: టికెట్ లేదు కదా, గ్యాలరీకి ఎవరైనా రావచ్చు.

వాస్తవం: దీన్ని చాలా రోజులు నేనూ నమ్మాను. ఒకసారి వలస మీదే షో. గోడలకు రంగు వేసి, పెట్టెలు మోసి, ఫ్రేములు బిగించింది పాలమూరు నుంచి వచ్చిన కూలీలు. ప్రారంభం రోజు సాయంత్రం వాళ్లలో ఇద్దరు గేటు బయటే నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని వాళ్లకు ఎవరమూ చెప్పలేదు, నాతో సహా. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి పిలిచాను. పెద్దాయన ముందు తాను బిగించిన స్క్రూలు వేలితో తడిమి చూసుకున్నాడు. తర్వాత మూసిన తలుపు, దానికి వేలాడే తాళం ఉన్న ఫోటో ముందు ఆగాడు. నేను ఏదో చెప్పబోతుంటే, ‘మేం గూడ ఇట్లనే తాళమేసి వచ్చినం మేడం. చెవి పక్కింటి అవ్వ కాడ ఉంది’ అన్నాడు. ఆ అవ్వ పోయిన దసరాకు కూడా వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టిందట.