చెక్కకు రెసిన్ పట్టించడం: అపోహలు - వాస్తవాలు

చెక్క ముక్కను రెసిన్ అనే గట్టిపడే ద్రవంలో ముంచి, మూసిన పాత్రలో (ఛాంబర్) పంపుతో గాలి తీసేసి (వాక్యూమ్), రెసిన్ లోపలిదాకా ఇంకాక వేడితో గట్టిపరచడమే ఈ పని. “ముక్కను కోస్తే లోపల రెసిన్ ఇంకా జిగటగానే ఉంది, రెసిన్ పాడైపోయిందా?” ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. పదింట తొమ్మిదిసార్లు రెసిన్ బాగానే ఉంటుంది. ఎండనిది చెక్క.

అపోహ: రెండేళ్లు నీడన ఆరిన చెక్కను మళ్లీ ఆరబెట్టక్కర్లేదు.

గాలికి ఆరిన చెక్కలో 10-12 శాతం తేమ మామూలే. కుర్చీకీ బల్లకూ అది సరిపోతుంది. రెసిన్‌కు కావలసింది మాత్రం సున్నా. 12 శాతం తేమ ఉన్న 224 గ్రాముల ముక్కలో 24 గ్రాములు నీళ్లే (శాతం లెక్క పూర్తిగా ఎండిన 200 గ్రాముల చెక్క మీద). గట్టి వాక్యూమ్‌లో ఆ నీళ్లు గది వేడికే మరిగి ఆవిరవుతాయి. బుడగలు ఎంతకీ ఆగవు, పంపు నూనె పాలలా తెల్లబడుతుంది. లోపల మిగిలిన తడి రెసిన్‌ను గట్టిపడనివ్వదు. ఖరీదైన రెసిన్, అరుదైన చెక్క రెండూ పోతాయి. తేమ మీటరు మీద భరోసా పెట్టుకోకండి, 6 శాతం దిగువన పిన్నుల మీటరు లెక్క నమ్మదగింది కాదు. తూకం ఒక్కటే నమ్మాలి.

ముక్కను తూచి 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 24 గంటలు ఉంచండి. తర్వాత మూడు నాలుగు గంటలకోసారి తూచండి. వరుసగా రెండుసార్లు ఒకే బరువు వస్తే ఎండినట్టు. మందపాటి ముక్కకు ఇంకో రోజు పట్టొచ్చు. వేడిగా ఉండగానే జిప్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, పూర్తిగా చల్లారనివ్వండి. బయట వదిలేస్తే గాలిలోని తేమను మళ్లీ పీల్చుకుంటుంది. వేడివేడిగా రెసిన్‌లో వేస్తే ఛాంబర్‌లోనే రెసిన్ గట్టిపడటం మొదలవుతుంది.

అపోహ: వాక్యూమ్ రెసిన్‌ను లోపలికి లాగుతుంది.

వాక్యూమ్ తీసేది గాలిని. వాల్వు తెరిచాక బయటి గాలి ఒత్తిడి రెసిన్‌ను లోపలికి నెడుతుంది. అందుకే బుడగలు దాదాపు ఆగేదాకా పంపు నడపాలి. ఆ తర్వాత పంపు నడిచిన సమయానికి కనీసం రెట్టింపు సేపు ముక్కను రెసిన్‌లోనే నాననివ్వాలి. పైకి తేలకుండా బరువు పెట్టండి. మొదట్లో నురగ పొంగడం చూసి కంగారు పడకండి. వాల్వు కాస్త తెరిస్తే దిగిపోతుంది.

అపోహ: మామూలు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే దానంతటదే గట్టిపడే రెసిన్) చాలు.

చాలదు. అది చిక్కన, పైగా నానేలోపే గట్టిపడిపోతుంది. నీళ్లలా పలచగా ఉండి, వేడికి మాత్రమే గట్టిపడే రెసిన్ కావాలి. నానిన ముక్కను అల్యూమినియం రేకులో చుట్టి ఓవెన్‌లో 90-95 డిగ్రీల దగ్గర పెట్టండి. ముక్క మధ్యభాగం కూడా ఆ వేడికి చేరాలి కనుక గంటలు మందాన్ని బట్టి మారతాయి. పైకి ఊరి పెచ్చుకట్టిన రెసిన్ చూసి చాలామంది భయపడతారు. అది మామూలే, గీకేస్తే పోతుంది.

అపోహ: ఏ చెక్కకైనా, ఏ రంగైనా పడుతుంది.

నూనె ఎక్కువున్న టేకు, రోజ్‌వుడ్ లాంటి చేవకర్ర రెసిన్‌ను సరిగా తీసుకోదు. మెత్తబడిన కర్ర, బూజు గీతలు పడిన కర్ర, చెట్టు బుడిపెలు బాగా తాగుతాయి. రంగుకు రెసిన్‌లో కరిగే డై వాడండి. మైకా (అభ్రకం) పొడి కరగదు కనుక పైపొరలోనే ఆగిపోతుంది, లోపలికి వెళ్లదు. ముదురు చెక్క మీద నీలం కనబడదు, లేతరంగు చెక్క ఎంచుకోండి.

ఇదంతా వంట ఓవెన్‌లో మాత్రం చేయొద్దు. ఈ పనికి వేరే ఓవెన్ పెట్టుకోండి, గాలి బాగా ఆడే చోట.