కట్టెల ఫర్నేస్ పెట్టించుకుంటున్నారా? కొనే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

ఇంటిని వెచ్చగా ఉంచడానికి కట్టెల ఫర్నేస్ పెట్టించుకుందాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ మోడల్ మంచిది?’ అనే. నేను ఎదురు అడిగేవి రెండు: కట్టెలు ఎప్పుడు చీల్చారు? చిమ్నీ లోపల ఎంత వెడల్పు ఉంది? వీటికి సరైన జవాబు లేకపోతే ఎంత ఖరీదైన మోడల్ తెచ్చినా పొగే మిగులుతుంది. ఫర్నేస్‌లు బిగించే పనిలో ఉన్నాను కాబట్టి తరచూ వినిపించే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: కాస్త పెద్ద సైజు తీసుకుంటే ఎంత చలికైనా ఢోకా ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. గడ్డకట్టే చలిలో మీ ఇంటికి 10 కిలోవాట్ల వేడి కావాలనుకుందాం. మీరు 25 కిలోవాట్లది కొన్నారు. సీజన్‌లో చాలా రోజులు అవసరమయ్యేది మూడు నాలుగు కిలోవాట్లే. ఇల్లు ఉడికిపోతుంటే ఏం చేస్తారు? గాలి వచ్చే దారి మూసేస్తారు. అప్పుడు మంట చచ్చి కట్టె కుములుతుంది. కట్టెలో ఉన్న వేడిలో సగానికి పైగా దాని నుంచి వచ్చే వాయువులు మండితేనే దక్కుతుంది. అవి మండకుండానే పొగగా పైకి పోతాయి. చిమ్నీలో దాదాపు 120 డిగ్రీల కన్నా చల్లబడితే తారులాంటి క్రియోసోట్‌గా మారి గోడలకు పట్టేస్తాయి. చిమ్నీలో మంటలు లేచేది ఈ క్రియోసోట్ అంటుకునే. అంటే కట్టెలూ దండగ, ప్రమాదమూ ఫ్రీ.

ఇంటి వైశాల్యం ఒక్కటే అడిగి సైజు చెప్పేసేవాళ్లను నమ్మకండి. కిటికీలు, పైకప్పు ఎత్తు, ఇన్సులేషన్ చూసి ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటోందో లెక్క కట్టించండి. ముందు సందులు మూయించి, పైకప్పు కింద ఇన్సులేషన్ వేయిస్తే చాలాసార్లు సైజు తగ్గిపోతుంది. నీళ్లు వేడిచేసే బాయిలర్ రకమైతే పక్కన బఫర్ ట్యాంకు (వేడి నీళ్లు దాచుకునే తొట్టి) పెట్టించండి. 1000 లీటర్ల నీళ్లు 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 46 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి దాచుకున్నట్టు. పొయ్యి నిండుగా మండి ఆరిపోతుంది, ఆ వేడిని ఇల్లు తీరిగ్గా వాడుకుంటుంది.

అపోహ: ఆరు నెలలుగా బయట పడున్నాయి, ఎండినట్టే.

చీల్చకుండా వదిలేసిన దుంగ బెరడు లోపల అలాగే పచ్చిగా ఉంటుంది. తేమ ఎక్కువగా పోయేది కోసిన కొసల నుంచి, చీల్చిన ముఖం నుంచి. చీల్చాక నేలకు తగలకుండా పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదిలేయాలి. మొత్తం టార్పాలిన్ చుట్టేశారో, బూజు పట్టడం ఖాయం. తేలిక కట్టెకు ఏడాది లోపే సరిపోవచ్చు. ఓక్ లాంటి గట్టి కట్టెకు రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

కట్టెలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ ఒకటి కొనుక్కోండి. పైపైన గుచ్చి ‘15 శాతమే’ అని సంబరపడొద్దు. కుప్ప మధ్యలోంచి ఒక ముక్క లాగి, అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా బయటపడ్డ ముఖం మీద నారకు సమాంతరంగా పిన్నులు గుచ్చండి. 20 శాతం లోపుంటే వేయొచ్చు. బరువులో 40 శాతం నీళ్లే ఉన్న పది కిలోల కట్టె వేశారంటే నాలుగు కిలోల నీళ్లు పొయ్యిలో పోసినట్టే. ఆ నీళ్లు మరగడానికి కొంత వేడి పోతుంది సరే, అసలు దెబ్బ అది కాదు. మంట వేడి పడిపోయి వాయువులు అంటుకోవు. మళ్లీ క్రియోసోట్ కథే.

అపోహ: పైన్ కట్టె చిమ్నీని పాడుచేస్తుంది.

పచ్చిదైతే ఏ కట్టైనా పాడుచేస్తుంది. ఎండాక కిలోకు కిలో లెక్కన కట్టెలన్నీ దాదాపు ఒకే వేడి ఇస్తాయి. పైన్ తేలిక కాబట్టి కాస్త తరచుగా వేయాలి, అంతే.

అపోహ: పాత చిమ్నీ ఉందిగా, దానికే తగిలించేద్దాం.

ఓపెన్ ఫైర్‌ప్లేస్ కోసం కట్టిన ఇటుక చిమ్నీ విశాలంగా ఉంటుంది. కొత్త ఫర్నేస్ వేడిని ఇంట్లోనే ఉంచుకుని, పైకి తక్కువగా పంపుతుంది. ఆ కాస్త వేడికి అంత పెద్ద గొట్టం ఎక్కడ వెచ్చబడుతుంది? డ్రాఫ్ట్, అంటే పొగను పైకి లాగే ఊపు, ఉండదు, పొగ మధ్యలోనే చల్లబడిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన కొలతకు ఇన్సులేషన్ ఉన్న స్టీల్ లైనర్ (చిమ్నీ లోపల దించే గొట్టం) వేయించండి. బిగించినవాళ్లు వెళ్లే ముందు, ఫర్నేస్ వేడిగా ఉండగా డ్రాఫ్ట్ కొలిచే గేజ్ పెట్టి రీడింగ్ కాగితం మీద రాసిమ్మనండి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ చేయించి మళ్లీ చూడమనండి. ఫ్యాన్ వేయగానే పొగ వెనక్కి తంతే, ఇంటికి బయటి గాలి చాలట్లేదన్నమాట. గ్యాస్ హీటర్ గొట్టాన్ని ఇదే చిమ్నీలో కలపడం మాత్రం వద్దే వద్దు.

అపోహ: గోడకు టైల్స్ అంటించాం, ఫర్నేస్ దగ్గరగా పెట్టొచ్చు.

టైల్ వేడిని ఆపదు, వెనకున్న చెక్కకు చేరవేస్తుంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన చెక్క లోలోపల మారిపోయి, మామూలుకన్నా తక్కువ వేడికే అంటుకుంటుంది. ‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదు’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. మాన్యువల్‌లో రాసిన దూరం తప్పనిసరి. తగ్గించాలంటే గోడకు అంగుళం దూరంలో, వెనక గాలి ఆడేలా రేకు షీల్డ్ పెట్టాలి. అదీ మాన్యువల్ ఒప్పుకున్నంత వరకే.

అపోహ: కట్టెలకు కరెంటుతో పనేముంది?

డక్టుల్లోకి వేడి గాలి తోసే బ్లోయర్‌కు, బాయిలర్ పంపుకు కరెంటు కావాలి. అవి ఆగినా మంట ఆగదు. కరెంటు పోతే మీ మోడల్ ఏం చేస్తుందో కొనకముందే అడగండి, బ్యాటరీ బ్యాకప్ ఖర్చు కూడా బడ్జెట్‌లో కలపండి.

అపోహ: పొగ వాసన లేదంటే భయం లేదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మంట తగ్గి నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు, అంటే మీరు పడుకున్నాక, అది బాగా పుడుతుంది. సరిగ్గా అప్పుడే డ్రాఫ్ట్ కూడా బలహీనపడుతుంది. పడకగదుల దగ్గర డిటెక్టర్ పెట్టకుండా మొదటి పుల్ల గీయొద్దు. బూడిద సంగతీ అంతే. చల్లగా కనిపించే బూడిదలో నిప్పు కణికలు రోజుల తరబడి బతికుంటాయి. మూతున్న ఇనుప బకెట్‌లోకి తీసి, ఇంటికి దూరంగా మట్టి మీదో రాతి మీదో పెట్టండి. చెక్క వరండాలో మాత్రం వద్దు.