నెలకెన్ని వేఫర్లు? చిప్ ఫ్యాక్టరీ కెపాసిటీ మీద అపోహలు - వాస్తవాలు

2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆంధ్రప్రదేశ్‌కి ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌ని, అంటే తయారైన చిప్పులకి తొడుగు వేసి సిద్ధం చేసే చోటుని, ఆమోదించింది. సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు. అప్పట్నుంచి మా భీమవరంలో ఎవరు కనిపించినా చిప్పుల మాటే. నేను చిప్పుల డిజైన్ చేయను, తయారీలోనూ లేను. ఫ్యాబ్, అంటే చిప్పులు తయారయ్యే ఫ్యాక్టరీ, రాబోయే ఏడాది రెండేళ్ళలో ఏ రకం ఎంత చేయగలదు, ఏ యంత్రం ఎప్పుడు కొనాలి అన్నది లెక్కగట్టడం నా పని. ఇంట్లో కూర్చుని చేస్తాను కాబట్టి బంధువుల్లో దీనికి పెద్ద గౌరవమేమీ లేదు.

అపోహ: కెపాసిటీ అంటే ఒక నంబరు

"ఒరేయ్, ఫ్యాబ్ నెలకి ఎన్ని చేస్తుందో చెప్పలేకపోతే ఇంకేం లెక్కలురా నీవి?" అన్నాడు మా బాబాయ్. ఆయన వ్యవసాయం చేస్తాడు. దాళ్వాకి ఎన్ని ఎకరాలకు నీళ్ళు సరిపోతాయంటే ఆయన కూడా ముందు ఏ పంట అనే అడుగుతాడు. ధవళేశ్వరం దగ్గర ఉన్న అవే నీళ్ళు వరికైతే ఒక లెక్క, మినుముకైతే ఇంకో లెక్క. ఫ్యాబ్‌లోనూ అంతే, కాకపోతే అక్కడ కొరత ఒక్క నీళ్ళకి కాదు, పదుల రకాల యంత్రాలకి.

వేఫర్ అంటే సిలికాన్ పళ్ళెం. పెద్ద ఫ్యాబ్‌లలో దాని వ్యాసం 300 మిల్లీమీటర్లు. అది చిప్పులుగా మారడానికి వందల అంచెలు దాటాలి. వరసగా ఒక్కసారి నడిచిపోయే లైను కాదది. పొర పొరకీ లిథోగ్రఫీ (వెలుతురుతో డిజైన్ అచ్చు వేసే) యంత్రం దగ్గరికి, ఎచింగ్ (అక్కర్లేని చోట పొరని చెక్కేసే) యంత్రం దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఏ రకం చిప్పు ఏ యంత్రం మీద ఎన్ని గంటలు తింటుందన్నదే అసలు సంగతి.

ఒక ఊహా లెక్క చూడండి. వారానికి లిథోగ్రఫీ 600 గంటలు, ఎచింగ్ 800 గంటలు ఉన్నాయనుకుందాం. మొదటి రకం చిప్పు ఒక లాట్‌కి, అంటే 25 వేఫర్లకి, లిథోగ్రఫీ 2 గంటలు, ఎచింగ్ 4 గంటలు కావాలి. రెండో రకానికి 3, 2. అంతా మొదటి రకమే చేస్తే 200 లాట్లు. అంతా రెండో రకమే చేసినా 200. మొదటిది 150, రెండోది 100 కలిపి చేస్తే 250! యంత్రాలు అవే, గంటలు అవే. మరి ఈ ఫ్యాబ్ కెపాసిటీ 200 అనాలా, 250 అనాలా?

ఇంకా ఉంది. ఆ 250 దగ్గర లిథోగ్రఫీలో ఒక గంట పెరిగితే పావు లాట్ అదనంగా వస్తుంది, ఎచింగ్‌లో గంట పెరిగితే అర్ధపావే. అంటే డబ్బు పెట్టాల్సింది లిథోగ్రఫీ మీద అనిపిస్తుంది. కానీ మొదటి రకం మీద లాట్‌కి 3 రూపాయలు, రెండోదాని మీద 1 రూపాయి మిగులుతుందనుకోండి. 250 లాట్ల ప్లాన్‌కి 550 వస్తుంది, అంతా మొదటి రకమే చేస్తే 600. ఆ ప్లాన్‌లో లిథోగ్రఫీ 200 గంటలు ఖాళీగానే ఉంటుంది, కొత్తది కొన్నా పైసా రాదు. అందుకే "మా బాటిల్‌నెక్ (మొత్తం పనిని ఆపేది) ఫలానా యంత్రం" అని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఏ ధరలకి, ఏ ఆర్డర్లకి అని అడుగుతాను.

రెండు రకాలకి కాగితం చాలు. అదే వందల ఉత్పత్తులు, వేల యంత్రాలు, 24 నెలలకైతే లీనియర్ ప్రోగ్రామింగ్ కావాలి, అంటే ఇలాంటి పరిమితుల మధ్య అన్నిటికంటే మంచి ప్లాన్ వెతికే గణితం. ఈ విద్య కొత్తదేం కాదు. సోవియట్ గణితవేత్త కంటొరోవిచ్ 1939లో ప్లైవుడ్ యంత్రాల పని పంచడానికి ఇలాంటి లెక్కే వేశాడు. ఈ లెక్కల్ని చేసే సింప్లెక్స్ పద్ధతిని అమెరికా గణితవేత్త డాంట్జిగ్ కనిపెట్టింది 1947లో.

అపోహ: యంత్రం నూటికి నూరు శాతం నడిస్తేనే గిట్టుబాటు

కోట్ల డాలర్ల యంత్రం ఖాళీగా కనబడితే మేనేజర్లకి టెన్షన్. నిజమే. కానీ పని వచ్చే తీరూ, పట్టే సమయమూ మారుతూ ఉన్నప్పుడు యంత్రాన్ని అంచు దాకా నింపితే దాని ముందు క్యూ విపరీతంగా పెరుగుతుంది. అతి సరళమైన క్యూ సూత్రం ప్రకారం, యంత్రం 80 శాతం నిండితే సగటు నిరీక్షణ పని సమయానికి 4 రెట్లు, 90 అయితే 9 రెట్లు, 95 అయితే 19. చివరి ఐదు శాతానికి కట్టే ధర అది. లీనియర్ మోడల్‌కి ఈ సంగతి తనంతట తాను తెలియదు. అందుకే ఉన్న గంటలన్నీ దాని చేతిలో పెట్టం, కొంత కోసి ఇస్తాం. ఎంత కోయాలన్న దగ్గరే అసలు వాదనలన్నీ.

తయారీ కాలం తగ్గడం కూడా డబ్బే. శాంసంగ్ 1996-99 మధ్య షెడ్యూలింగ్ పద్ధతులు మార్చుకుని, డీరామ్ అనే మెమరీ చిప్పుల తయారీని 80 రోజుల పైనుంచి 30 రోజుల లోపుకి తెచ్చింది.

అపోహ: చాలకపోతే ఇంకో యంత్రం కొంటే సరి

ఆర్డర్ పెట్టాక యంత్రం రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. అత్యాధునిక చిప్పులకి వాడే ఈయూవీ లిథోగ్రఫీ యంత్రాలైతే ప్రపంచం మొత్తానికి నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్ఎంఎల్ ఒక్కటే చేస్తుంది. వచ్చాక క్లీన్‌రూమ్‌లో, అంటే దుమ్ము చేరని తయారీ గదిలో, చోటుండాలి. ఆ పైన క్వాలిఫికేషన్: ఫలానా చిప్పులో ఫలానా అంచెని ఈ యంత్రం మీద చేయొచ్చని పరీక్షించి నిర్ధారించాలి. పక్కపక్కనే రెండు ఒకే మోడల్ యంత్రాలున్నా ఒకదానికి ఆ అనుమతి ఉండి, రెండోదానికి లేకపోవడం మామూలే. చాలాసార్లు కొత్త యంత్రం అక్కర్లేదు, ఉన్నదాన్ని ఇంకో రెండు అంచెలకి క్వాలిఫై చేస్తే సరిపోతుందని మోడల్ చూపిస్తుంది. నా ఉద్దేశంలో ఈ లెక్కల అసలు లాభం అక్కడే.

కొనాల్సి వస్తే, ఏడాది తర్వాతి గిరాకీ తెలియకుండానే ఇవాళ సంతకం పెట్టాలి. అందుకే ఒక్క అంచనాకి కాకుండా నాలుగైదు రకాల భవిష్యత్తులకి కలిపి ప్లాన్ వేస్తాం. అనిశ్చితిని లీనియర్ ప్రోగ్రామింగ్‌లోకి తేవడం మీద డాంట్జిగే 1955లో రాశాడు.

అపోహ: ఇదంతా ఇప్పుడు ఏఐ చేసేస్తుంది

గిరాకీ అంచనాకి ఏఐ బాగా పనికొస్తుంది. కానీ సాల్వర్, అంటే ఈ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్, ఇచ్చేది అంచనా కాదు. "ఇంతకంటే మంచి ప్లాన్ ఉన్నా ఒక శాతానికి మించి బాగుండదు" అని రుజువుతో చెప్పగలదు. బోర్డు ముందు నిలబడేది ఆ మాటే.

అపోహ: ఫ్యాబ్ లేని ఊళ్ళో ఈ చదువు దండగ

తాడేపల్లిగూడెం, భీమవరం కాలేజీల పిల్లలు ఎక్కువగా అనే మాటిది. మన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లనే చూడండి. వచ్చిన సరుకులో ఎంత తలతో, ఎంత తల తీసి, ఎంత వొలిచి ప్యాక్ చేయాలి? వొలిచే మనుషుల గంటలు, ఫ్రీజర్ గంటలు, ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు) ఏ రేటు - పైన వేసిన రెండు రకాల లెక్కే ఇది. ఎక్సెల్‌లోని సాల్వర్‌తో మొదలెట్టొచ్చు, పెద్దదైతే ఉచితంగా దొరికే హైస్ (HiGHS) అనే సాల్వర్ ఉంది. కష్టమంతా కిలోకి ఏ పని ఎంతసేపు పడుతోందో నమ్మకంగా రాసి ఉన్న రికార్డు దొరకడంలోనే. ప్రాజెక్టుకి వెళ్ళేవాళ్ళు ల్యాప్‌టాప్ తెరిచే ముందు, స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక షిఫ్టంతా ఫ్రీజర్ దగ్గర నిలబడండి.