రెండు ఫొటోల మధ్య ఏం జరిగింది?

మొలక నిటారుగా పైకి పెరుగుతుందని అనుకుంటాం. నిజానికి దాని కొస గుండ్రంగా, కాస్త వంకరగా తిరుగుతూ పైకి పోతుంది. చార్లెస్ డార్విన్ దీన్ని కెమెరా లేకుండానే గమనించాడు. మొక్కకి సన్నని గాజు పోగు అంటించి, దాని కొసన లక్క బొట్టు పెట్టి, ముందు ఒక గాజు పలక నిలబెట్టాడు. కొంతసేపటికోసారి వచ్చి పలక మీద చుక్క పెట్టేవాడు. ఆ చుక్కలన్నీ కలిపితే మొక్క కదిలిన దారి తెలిసేది. కొడుకు ఫ్రాన్సిస్ సాయంతో చేసిన ఈ పని 1880లో పుస్తకంగా వచ్చింది. నన్నడిగితే టైమ్-ల్యాప్స్, అంటే కొంతసేపటికోసారి ఫొటో తీసి వాటిని వీడియోలా వేగంగా నడిపించే పద్ధతి, ఆ ఆలోచన అక్కడే ఉంది. మరో ఇరవై ఏళ్లు తిరక్కముందే జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ ఫెఫర్ అనే వృక్షశాస్త్రవేత్త మొక్కల కదలికల్ని ఫిల్మ్ మీదికి ఎక్కించాడు.

లెక్క సులువే. పది నిమిషాలకో ఫొటో తీస్తే రోజుకి 144. సెకనుకి 24 చొప్పున నడిపిస్తే రోజంతా ఆరు సెకన్లలో అయిపోతుంది. చిక్కల్లా ఆ పది నిమిషాల దగ్గరే. ఎంతసేపటికోసారి తీయాలన్నది నిర్ణయించగానే, ఏది కనిపిస్తుందో, ఏది కనపడకుండా పోతుందో కూడా నిర్ణయమైపోతుంది.

బీన్స్ ఆకులు పగలు విచ్చుకుని, రాత్రి కిందికి వాలతాయి. రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ఒక్క ఫొటో తీశామనుకోండి, నెలంతా తీసినా ఆకు వాలడం ఒక్కసారీ కనపడదు. అదే తీగ కొస సుమారు రెండు గంటలకో చుట్టు తిరుగుతుంది. సరిగ్గా రెండు గంటలకోసారి తీస్తే తిరగడమే లేదనిపిస్తుంది. గంటా యాభై నిమిషాలకోసారి తీస్తే ఇంకా ఘోరం, సినిమాలో కారు చక్రం వెనక్కి తిరిగినట్టు తీగ ఎదురు దిశలో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఫొటోల్లో ఏ ఒక్కటీ అబద్ధం కాదు, అయినా వీడియో మొత్తం అబద్ధం.

కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో, రేస్‌ట్రాక్ ప్లాయా అనే ఎండిన సరస్సు అడుగున రాళ్ల వెనకాల పొడుగాటి చాళ్లుంటాయి. రాళ్లు కదిలాయని తెలుసు, కదులుతుండగా మాత్రం చాలాకాలం ఎవరూ చూడలేదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉండి, కదిలితే కొన్ని సెకన్ల నుంచి పదహారు నిమిషాల దాకా మాత్రమే కదిలే రాయికి గంటకో ఫొటో తీస్తే ఏముంటుంది? ముందు ఇక్కడుంది, తర్వాత అక్కడుంది, అంతే. అందుకే రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్, రాల్ఫ్ లోరెంజ్ అనే పరిశోధకుల బృందం టైమ్-ల్యాప్స్ కెమెరాలతో సరిపెట్టుకోకుండా జీపీఎస్ అమర్చిన రాళ్లనూ అక్కడ పెట్టింది. 2013 డిసెంబరులో గుట్టు తేలింది. లోతు లేకుండా నిలిచిన నీటి మీద రాత్రి చలికి 3 నుంచి 6 మిల్లీమీటర్ల మంచు పొర కడుతుంది. ఎండెక్కాక అది పలకలుగా విరుగుతుంది. చిన్నపాటి గాలికి ఆ పలకలు కదిలి, రాళ్లని నిమిషానికి కొన్ని మీటర్ల చొప్పున నెడతాయి. పెనుగాలులే కారణమన్న పాత ఊహలకి అక్కడితో తెరపడింది.

ఇంకో ఇబ్బంది వెలుతురుతో. మొక్కలు నీలి కాంతిని పసిగట్టి అటు వంగుతాయి. రాత్రిళ్లు పది నిమిషాలకోసారి ఫ్లాష్ కొడితే మనం చూస్తున్నది మొక్క రాత్రి కాదు, ఫ్లాష్‌కి అది ఇచ్చే జవాబు కావచ్చు. అందుకే ప్రయోగశాలల్లో చీకటి వేళకి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు, దానికి తగిన కెమెరా వాడతారు. వెలుతుర్ని బట్టి తనంతట తానే సర్దుకునే ఆటో ఎక్స్‌పోజర్‌లో కెమెరాని వదిలేయడమూ తప్పే. మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ వెలుగు మారిపోతే, ఆకు రంగు నిజంగా మారిందో లేదో చెప్పలేం.

విరామం ఏళ్లలో ఉండే సందర్భాలూ ఉన్నాయి. మన పాలపుంత నడిబొడ్డున ఎస్2 అనే నక్షత్రం ఒక చుట్టు తిరగడానికి సుమారు పదహారేళ్లు పడుతుంది. రెండు బృందాలు 1990ల నుంచి దాన్ని చూస్తూ వచ్చాయి. ఆ దారిని బట్టే అక్కడ సుమారు 40 లక్షల సూర్యుల బరువున్న నల్లబిలం (బ్లాక్ హోల్) ఉందని లెక్క తేలింది. దీనికే ఆ బృందాల్ని నడిపిన ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్ 2020 నోబెల్‌లో భాగం అందుకున్నారు. 2018 మేలో ఎస్2 నల్లబిలానికి బాగా దగ్గరగా వచ్చి, సెకనుకి 7,000 కిలోమీటర్లకి పైగా వేగంతో దూసుకుపోయింది. ఏడాదికోసారి చూస్తే ఆ మలుపు పూర్తిగా జారిపోయేది. అందుకే ఆ నెలల్లో కొలతలు బాగా దగ్గర దగ్గరగా తీశారు. నల్లబిలం ఆకర్షణ వల్ల నక్షత్రం వెలుగు ఎరుపు వైపు జరగడం వాటిలోనే దొరికింది.