ముందు నుంచి మందు దట్టించే రైఫిళ్లు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పాతకాలపు తుపాకికి గురి కుదరదు.

మన ఊళ్లలోని నాటు తుపాకులను చూసినవారికి ఈ అనుమానం సహజమే. అయితే వాటి గొట్టం లోపల సాధారణంగా నునుపుగా ఉంటుంది. గురి పోటీల్లో వాడే, ముందు నుంచి మందు దట్టించే రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులు ఉండి గుండును గిరగిరా తిప్పుతూ పంపుతాయి. 1860లో ఇంగ్లండ్‌లోని వింబుల్డన్‌లో, స్టాండుకు బిగించిన, ముందు నుంచే మందు దట్టించే విట్‌వర్త్ రైఫిల్‌ను విక్టోరియా రాణి పేల్చినప్పుడు, 400 గజాల దూరంలోని లక్ష్యంపై గుండు కేంద్రానికి అంగుళంన్నర లోపే తగిలింది.

అపోహ: మందు ఎంత ఎక్కువ పోస్తే గుండు అంత సూటిగా వెళ్తుంది.

పోటీల్లో ఓడిపోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. గుండ్రటి సీసపు గుండును ప్యాచ్ అనే నూనె పట్టించిన గుడ్డ ముక్కలో చుట్టి దించుతాం. గాడుల పట్టును గుండుకు అందించేది ఆ గుడ్డే కనుక, మందు ఎక్కువై అది కాలినా చిరిగినా గుండు దారి తప్పుతుంది. అందుకే అనుభవజ్ఞులు టార్గెట్ కంటే ముందు నేలమీద పడిన ప్యాచ్‌లను ఏరి చూస్తారు. ప్రతి గుండుకూ మందు తూకం, గుడ్డ మందం, గుండును గొట్టంలోకి దించే కడ్డీతో నొక్కే ఒత్తిడి ఒకేలా ఉండాలి. గుండు పూర్తిగా దిగక మందుకు పైన ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. గుండు పూర్తిగా దిగిందో లేదో తెలిసేలా కడ్డీపై గుర్తు పెట్టుకొనేది అందుకే. అంతర్జాతీయ పోటీల్లో 30 నిమిషాల్లో 13 గుండ్లు పేల్చితే అత్యుత్తమమైన 10 మాత్రమే లెక్కకు వస్తాయి కాబట్టి, మధ్యమధ్యలో గొట్టం తుడుచుకొనేందుకు తీరిక ఉంటుంది. తొందరపాటే అసలు శత్రువు.

అపోహ: చెకుముకి రైఫిల్ ఎప్పుడూ ఆలస్యంగానే పేలుతుంది.

గొట్టం పక్కనుండి లోపలి మందుకు నిప్పు చేరవేసే రంధ్రాన్ని మందుతో కూరితే అది వత్తిలా కాలి ఆలస్యమవుతుంది. రంధ్రాన్ని ఖాళీగా ఉంచి, చెకుముకి రాయిని పదునుగా ఉంచితే పేలుడు చురుకుగా వస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన తరువాత కూడా గురి చెదరనీయకుండా నిలబడటం మాత్రం సాధనతోనే అబ్బుతుంది.

అపోహ: పొగరాని ఆధునిక మందు కొద్దిగా వాడితే ఫరవాలేదు.

ఎంత కొద్దిగానైనా వాడరాదు. బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు నల్ల మందు కోసం చేసిన గొట్టం పేలిపోతుంది.

అపోహ: నీళ్లు తగిలితే గొట్టం తుప్పు పడుతుంది.

తుప్పుకు అసలు కారణం మందు కాలాక గొట్టంలో మిగిలే మసిలోని, తేమను పీల్చే లవణాలు. వాటిని కరిగించేది నీళ్లే కనుక అదే రోజు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె రాయాలి. మళ్లీ పేల్చే ముందు ఆ నూనెను తుడిచేయడం మరవకూడదు. పెట్రోలియం నూనె మసితో కలిస్తే జిగురు తారులా గొట్టానికి అంటుకుంటుంది.