మా బాస్కెట్‌బాల్ కోర్టులో రోజూ వినపడే అపోహలు – అసలు వాస్తవాలు

వేసవి సెలవులు మొదలవగానే మా కోర్టుకి కొత్త పిల్లలు వస్తారు. వెంట వచ్చిన అమ్మానాన్నలు ఫీజు ఎంతో అడిగే ముందే ఇంకో మాట అడుగుతారు: "సార్, ఎన్ని నెలల్లో పొడుగవుతాడు?"

కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను.

అపోహ: బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారు.

ఎత్తు చాలావరకు అమ్మానాన్నల నుంచి వచ్చేదే. మిగతాది తిండి, నిద్ర, ఆరోగ్యం. ఎగిరినంత మాత్రాన ఎముకలు సాగవు. పొడుగున్నవాళ్లని ఏరి జట్టులో పెట్టుకుంటాం కాబట్టి ఆడేవాళ్లంతా పొడుగ్గా కనపడతారు. అలాగని పొట్టివాళ్లకి ఈ ఆట రాదనీ కాదు. మగ్సీ బోగ్స్ 160 సెంటీమీటర్ల మనిషి, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు.

అపోహ: షాట్ వెయ్యాలంటే చేతుల్లో బలం ఉండాలి.

పదేళ్ల పిల్లాడు ఫ్రీ త్రో (ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) లైన్ దగ్గర నిలబడి, బంతిని భుజం వెనక్కి లాగి, బౌండరీ నుంచి కీపర్‌కి విసిరినట్టు విసురుతాడు. వాడి తప్పు కాదు. 7 నంబరు బంతి పెద్ద మగవాళ్లది, 6 ఆడవాళ్లది, పిల్లలకి 5. మినీ బాస్కెట్‌బాల్‌లో రింగ్ కూడా 2.60 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మన బడుల్లో చాలాచోట్ల అందరికీ అదే 7 నంబరు బంతి, అదే 3.05 మీటర్ల రింగ్. వాడు విసరక ఏం చేస్తాడు?

ఊపు మోకాళ్లలోంచి రావాలి. కాస్త వంగి, లేస్తూ లేస్తూనే బంతి వదిలెయ్యాలి. మధ్యలో ఒక్క క్షణం ఆగినా కాళ్ల ఊపు అక్కడే చచ్చిపోతుంది, ఇక భారమంతా భుజం మీద పడుతుంది. చివర్లో బంతిని వదిలేవి చూపుడువేలు, మధ్యవేలు కొసలు. వదిలాక మణికట్టు ముందుకి వాలిపోవాలి, తడిచెయ్యి విదిల్చి అలాగే ఉంచేసినట్టు. రెండో చెయ్యి బంతి పక్కన ఊరికే ఆనుతుంది, నెట్టదు. నెడుతోందో లేదో తెలుసుకోవాలంటే గాల్లో బంతి మీది నల్లగీతలు చూడండి. నిటారుగా వెనక్కి తిరుగుతుంటే సరే. బొంగరంలా పక్కకి తిరిగిందంటే ఎడమ బొటనవేలు దొంగతనంగా పని చేసిందన్నమాట.

అపోహ: బంతి సూటిగా వెళ్తేనే గురి కుదురుతుంది.

పెద్దవాళ్లు కూడా నమ్మే మాట ఇది, నాకు ఎక్కువ చిరాకు తెప్పించేదీ ఇదే. ఇంట్లో గాజు ఒకటి తీసుకోండి. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది. కంటి ఎత్తుకి తెస్తున్నకొద్దీ నలిగి సన్నటి కోడిగుడ్డులా అయిపోతుంది. బంతికి రింగ్ కనపడేదీ అలాగే. రింగ్ వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతిది దాదాపు 24. బంతి 45 డిగ్రీల వాలులో దిగితే దానికి దొరికే సందు 32 సెంటీమీటర్లు. 30 డిగ్రీల్లో వస్తే 22.5 మాత్రమే. అంటే రింగ్‌కి తగలకుండా దూరడానికి దారే లేదు. మరీ ఆకాశానికి వేసినా లాభం లేదు, బంతి ఎక్కువ దూరం తిరిగేకొద్దీ గురి తప్పే అవకాశమూ పెరుగుతుంది.

మా దగ్గర ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె ఎంత చెప్పినా బల్లపరుపుగానే వేసేది. ఒకరోజు కోర్టు ఊడ్చే కొబ్బరి చీపురు తెచ్చి, ఆమెకి రెండడుగుల ఎదురుగా నిలబడి పైకి ఎత్తి పట్టుకున్నాను. "దీని మీంచి వెయ్యమ్మా" అన్నాను. మొదటి మూడు చీపురుకి తగిలాయి, నాలుగోది నా మొహానికి. అయిదోది వంపు తిరిగి వెళ్లి నెట్‌ని మాత్రమే కదిపింది. ఆ చప్పుడు విన్నాక ఇక నేను చెప్పాల్సిన పని పడలేదు.

అపోహ: రెండు చేతులతో కింది నుంచి వేసేది చేతకానివాళ్ల ఫ్రీ త్రో.

1962 మార్చి 2న ఎన్‌బీఏ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు. ఆ రోజు 32 ఫ్రీ త్రోల్లో 28 వేశాడు, అన్నీ కింది నుంచే.

ఇక రూల్స్. కోర్టులో గొడవలన్నీ ఇక్కడే.

"మూడడుగులు వేశాడు, స్టెప్స్!" అని, అంటే బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేశాడని, బయట నుంచి అరుస్తారు. పరిగెత్తుతూ బంతి చేతికి చిక్కేటప్పుడు నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు, దాని తర్వాతే రెండడుగులు. 2017 అక్టోబర్ నుంచి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా రూల్ ఇదే. నిలబడి బంతి పట్టుకున్నవాడికి ఈ వెసులుబాటు లేదు.

చేతి మీద తగిలితే ప్రతిసారీ ఫౌల్ కాదు. బంతి మీదున్న అరచెయ్యి బంతిలో భాగమే. మణికట్టు మీద కొడితే ఫౌల్.

వాలీబాల్‌లో గీత మీద పడిన బంతి లోపలే. ఇక్కడ గీతంటే బయటే. మూడు పాయింట్ల గీతని బూటు కొసతో తొక్కి షాట్ వేసినా రెండే పాయింట్లు.

ఒకటి మాత్రం నేనే తప్పాను. స్థానిక పోటీకి రెఫరీగా ఉన్నాను. ఒక కుర్రాడు డ్రిబుల్ (బంతిని నేలకి కొడుతూ సాగడం) ఆపి బంతి పైకి వేశాడు. అది రింగ్‌కీ బోర్డుకీ తగల్లేదు. వాడే ఎగిరి పట్టుకుని లోపల వేశాడు. నేను విజిల్ ఊదాను. టీవీలో ఎన్‌బీఏ చూసీచూసీ పట్టిన అలవాటు, అక్కడ అది తప్పే. ఫిబా రూల్‌లో నిజంగా షాటే అయితే తన బంతిని తనే పట్టుకోవచ్చు. రాత్రి రూల్‌బుక్ తీసి చూశాక నిద్ర పట్టలేదు. మర్నాడు వాణ్ని పిలిచి తప్పు ఒప్పుకున్నాను.

వాడు అటూ ఇటూ చూసి చిన్నగా అన్నాడు: "సార్, ఎవరికీ చెప్పకండి. అది షాట్ కాదు, పాస్."