రోమన్లు కోటలో దాచిన బట్టలు

క్రీ.శ. 6లో రోమన్లు యూదుల దేశమైన యూదయని నేరుగా పాలించడం మొదలుపెట్టాక సైన్యం, పన్నులతో పాటు ఇంకోటి కూడా తమ చేతిలో పెట్టుకున్నారు, యెరూషలేం ఆలయంలో ప్రధాన యాజకుడు వేసుకునే బట్టలు. ఆలయం పక్కనే ఆంటోనియా అనే కోట ఉండేది, అందులో ఒక రాతి గదిలో సీల్ వేసి ఉంచి పండగకి ఏడు రోజుల ముందు బయటికిచ్చేవాళ్లు, పండగ అవగానే మళ్లీ లోపలికే. అంతకుముందు హేరోదు రాజు కూడా ఇదే పని చేశాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీ.శ. 36 ప్రాంతంలో సిరియా గవర్నర్ విటేలియస్ వాటిని యూదులకే ఇచ్చేశాడు, కొన్నేళ్లకి ఇంకో అధికారి మళ్లీ లాక్కోబోతే గొడవ క్లాడియస్ చక్రవర్తి దాకా వెళ్లింది, ఆయన యూదుల మాటే నిలబెట్టాడు.

బట్టల కోసం చక్రవర్తి దాకా ఎందుకెళ్లారంటే అవి లేకపోతే ప్రధాన యాజకుడు చేసే సేవే చెల్లదు. బట్టలు ఒంటి మీద ఉన్నప్పుడే యాజకత్వం కూడా ఒంటి మీద ఉంటుందని యూదుల ధర్మ చర్చల గ్రంథం తల్మూద్‌లో రబ్బీలు (యూదు మత పండితులు) చాలా సూటిగా చెప్పారు. అంటే ఆ గది తాళం ఎవరి దగ్గరుంటే ఆలయం పట్టు కూడా వాళ్ల దగ్గరున్నట్టే, హేరోదుకీ రోమన్లకీ ఈ సంగతి బాగా అర్థమైంది.

మామూలు యాజకుడికి నాలుగే, చొక్కాయి, లాగు, దట్టి, తలపాగా. ప్రధాన యాజకుడికి వీటితో పాటు నీలం నిలువుటంగీ, ఏఫోదు (అంగీ పైన భుజాల పట్టీలతో వేసుకునే వస్త్రం), ఛాతీ మీద పతకం, నుదుటి మీద బంగారు రేకు. ఈ బట్టల వివరాలున్న బైబిల్ నిర్గమకాండంలో చెప్పుల మాట ఎక్కడా లేదు, ఆలయంలో అందరూ ఉత్త కాళ్లతోనే సేవ చేసేవాళ్లు. నాకు వీటన్నిటిలో గొప్పగా అనిపించేది పతకమే. జానెడు చదరం, మడత పెట్టిన గుడ్డ, దాని మీద నాలుగు వరసల్లో పన్నెండు రాళ్లు, ఒక్కో రాయి మీద ఒక్కో ఇశ్రాయేలు గోత్రం పేరు చెక్కి ఉంటుంది. అవే పేర్లు ఆరేసి చొప్పున రెండు భుజాల మీద రాళ్ల మీద కూడా ఉంటాయి, అంటే లోపలికి వెళ్లేది ఒక్క మనిషే అయినా ప్రతి గోత్రాన్నీ గుండె మీద ఒకసారి, భుజాల మీద ఒకసారి మోసుకెళ్తున్నాడన్నమాట. బంగారం, రాళ్లు చూసి ఇదంతా ఆడంబరం అనుకునేవాళ్లు ఈ పేర్ల సంగతి కూడా చూడాలి.

ఇక రంగులు, సైన్స్ పరంగా అసలు కథ ఇక్కడే ఉంది. తెలుగు బైబిల్లో నీల, ధూమ్ర (ఊదా), రక్తవర్ణాలు అని చదువుతాం కదా, ఈ మూడూ జంతువుల నుంచి వచ్చినవే. ఎరుపు ఓక్ చెట్లని పట్టి ఉండే ఒక చిన్న పురుగు నుంచి వస్తుంది, యూదయ ఎడారి గుహలో దొరికిన సుమారు 3,800 ఏళ్ల నాటి ఉన్ని ముక్కలో ఈ పురుగు రంగే ఉందని 2024లో తేలింది. ధూమ్రం, నీలం మధ్యధరా సముద్రపు నత్తల నుంచి. నత్త గ్రంథిలో ఉన్నప్పుడు ఆ ద్రవానికి దాదాపు రంగే ఉండదు, బయటికి తీసి గాలి తగిలాకే ఊదా రంగులోకి మారుతుంది. 1909లో పాల్ ఫ్రీడ్‌లాండర్ అనే కెమిస్ట్ 12,000 నత్తల నుంచి రంగు తీస్తే వచ్చింది 1.4 గ్రాములు, అందులో ఉన్నది ఇండిగో (నీలిమందు) అణువే, కాకపోతే దానికి రెండు బ్రోమిన్ పరమాణువులు అతుక్కుని ఉన్నాయని ఆయన కనుక్కున్నాడు.

మరి నత్త ఇచ్చేది ఊదా అయితే నీలం ఎలా వచ్చింది? దీనికి జవాబు 1980ల దాకా దొరకలేదు. ఇజ్రాయెల్‌లో షెంకార్ కాలేజీలో పనిచేసే ఓట్టో ఎల్స్‌నర్ మబ్బు పట్టిన రోజు అద్దిన ఉన్ని ఊదాగా, ఎండ ఉన్న రోజు అద్దింది నీలంగా వస్తోందని గమనించాడు. రంగు కరిగి ఉన్న దశలో ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే బ్రోమిన్ ఊడిపోతుంది, మిగిలేది మామూలు ఇండిగో. మన దగ్గర నీలిమందు మొక్క నుంచి తీసేదీ అదే అణువు. కానీ రబ్బీలు మాత్రం మొక్క నుంచి తీసిన నీలాన్ని నకిలీ అని తోసిపుచ్చారు, రంగు ఒక్కటైతే చాలదు అది సముద్రం నుంచే రావాలి అన్నది వాళ్ల పట్టుదల.

ఇంకో విషయం, నారబట్టకి రంగు పట్టడం కష్టం, ఉన్నికి తేలిగ్గా పడుతుంది, అందుకే రంగు దారాలకి ఉన్ని, తెలుపుకి సన్ననార వాడారు. ఈ రెండూ కలిపి నేసిన బట్ట మామూలు జనం వేసుకోకూడదని మోషే ధర్మశాస్త్రం నిషేధించింది, అదే కలయిక ఏఫోదులో మాత్రం కావాలనే పెట్టింది. పరిశుద్ధ స్థలానికి ప్రత్యేకించిన నేతని ఇంట్లో వాడుకోకూడదన్నది దాని భావం అని నాకనిపిస్తుంది.

ఏడాదికోసారి వచ్చే ప్రాయశ్చిత్త దినాన మాత్రం ఆలయంలో అన్నిటికన్నా లోపలి గది అయిన అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేముందు ప్రధాన యాజకుడు బంగారం, రాళ్లు, రంగులు అన్నీ తీసేసి నాలుగే నాలుగు తెల్ల నారబట్టలు వేసుకునేవాడు. ఆ రోజు పొద్దున వేసుకునేది ఈజిప్టులోని పెలూసియం బట్ట, మధ్యాహ్నం వేసుకునేది హిందూ దేశపు బట్ట అని యూదుల పాత ధర్మ నియమాల సంకలనం మిష్నాలో ఉంది, రబ్బీ మెయిర్ లెక్క ప్రకారం ఈ మన దేశపు బట్ట ఖరీదు 800 జూజులు (అప్పటి వెండి నాణేలు).

మన చర్చిల్లో ప్రసంగాల్లో తరచుగా ఒక మాట వినిపిస్తుంది, అతి పరిశుద్ధ స్థలంలో యాజకుడు బతికే ఉన్నాడో లేదో అంగీ అంచు గంటల చప్పుడుని బట్టి బయటివాళ్లకి తెలిసేదని, చనిపోతే లాగడానికి కాలికి తాడు కట్టేవాళ్లని. తాడు సంగతి బైబిల్లో లేదు, తల్మూద్‌లోనూ లేదు, అది మధ్యయుగాల్లో పుట్టిన కథ. గంటలు, దానిమ్మపండ్లు నిజమే, కానీ అవి ఉన్నది నీలం నిలువుటంగీకి, అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేటప్పుడు ఆ అంగీ ఆయన ఒంటి మీద ఉండేదే కాదు. లేవీయకాండం 16వ అధ్యాయం 4వ వచనం తీసి చూడండి, చొక్కాయి, లాగు, దట్టి, పాగా, అన్నీ నారవే, వాటిలో గంటలున్నది ఒక్కటీ లేదు.